పద్నాలుగో అధ్యాయం

జూలై 8, సోమవారం

బడిలో నేను రాసేవన్నీ పెద్ద మేడం చూసి సంతకం పెడుతుంది. ఈ నోటు పుస్తకం ఎవరూ చూడరు. కాబట్టి ఇందులో ఉన్నదున్నట్టు రాస్తాను.

ఉన్నది ఇది. నాలుగో తరగతి బి సెక్షన్‌లో ముప్పై నాలుగు మంది. చదవడం వచ్చు, చదవరు. పాఠం తియ్యమంటే ముందు చివరి పేజీకి వెళ్ళి ప్రశ్నలెన్నో లెక్కపెట్టుకుంటారు. పన్నెండుంటే మొహాలు వేలాడేస్తారు, ఆరుంటే హమ్మయ్య అనుకుంటారు. కథ ఎలా ఉందో ఎవరికీ పట్టదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రశ్నలకి జవాబులు రాయించింది నేనే, వాళ్ళని అని ఏం లాభం?

ఇంట్లో నాన్న, నేను. నాన్నకి ఒంట్లో బాగాలేదు. కిందటి నెల డాక్టరు నన్నూ తమ్ముణ్ణీ లోపలికి పిలిచి చెప్పిన మాట నాన్నకి చెప్పలేదు. ఎంతకాలం అని తమ్ముడు అడిగితే ఆయన నెలల్లో లెక్క చెప్పాడు. "నాన్నకి తెలియనివ్వకక్కా, మనిషి కుంగిపోతాడు" అన్నాడు తమ్ముడు. కడుపులో పుండు అని చెప్పాం. ఈ పుస్తకంలో కూడా పుండు అనే రాస్తాను.

జూలై 10

పెద్ద మేడంతో మాట్లాడాను. భోజనాలయ్యాక రోజూ ఇరవై నిమిషాలు క్లాసులో నవల చదివి వినిపిస్తానన్నాను.

"ప్రశ్నలు ఇస్తారా?"

"ఇవ్వనండి."

"నోట్సు?"

"ఉండదండి."

"మరి పిల్లలేం చేస్తారు?"

"వింటారు."

"విని?"

"తర్వాత ఏమైందో రేపు తెలుసుకోవాలనుకుంటారు."

ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. లెక్కల టీచరుగా చేరిన మనిషి. చివర జవాబు లేకపోతే ఆవిడకి ఊపిరాడదు. "సరే, చూద్దాం. ఇన్‌స్పెక్షన్ వాళ్ళొస్తే మాత్రం శ్రవణ నైపుణ్యం అని చెప్పండి" అంది. పేరేదైతేనేం, పీరియడ్ దొరికింది.

జూలై 12

నవల మా ఇంటి బీరువాలోదే. నాన్న ముప్పై ఎనిమిదేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక కాపీ ఇంటికి తెచ్చేవాడు. ఇది నా పదేళ్ళప్పుడు వచ్చింది. ఏటి మీద పడవ నడిపే తాత, ఆయన మనవరాలు, ఏటికి అడ్డంగా కడుతున్న వంతెన. వంతెన పూర్తయితే పడవ ఎవరెక్కుతారు, అదీ గొడవ. ఇరవై అధ్యాయాలు. రోజుకొకటి.

పుస్తకం తెరవగానే లాయరు లేచాడు. ప్రతిదానికీ వాదిస్తాడని ఆ పేరు నేనే పెట్టాను.

"ప్రశ్నలెన్ని టీచర్?"

"ఒక్కటి కూడా లేదు."

"పరీక్షలో వస్తుందా?"

"రాదు."

"మరెందుకు చదవడం?"

"ఊరికే."

వాడు కూర్చున్నాడు కానీ నమ్మలేదు. ఇందులో ఏదో మెలిక ఉందన్నట్టు ఇరవై నిమిషాలూ నన్ను అనుమానంగా చూశాడు. అలా చూడాలంటే వినాలి కదా, విన్నాడు.

ముందు బెంచీ చివర పిసరు. క్లాసులో అందరికంటే చిన్నది, పిల్లలే ఆ పేరు పెట్టారు. నిరుడు వాళ్ళమ్మ పోయింది. అప్పట్నుంచీ పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తుంది. చదవమంటే లేచి నిలబడుతుంది, అంతే, నోరు విప్పదు. ఈరోజు పడవలోకి నీళ్ళొస్తున్నచోట నా వైపు తిరిగింది. గంట కొట్టేదాకా మళ్ళీ కిటికీ వైపు చూడలేదు.

జూలై 16

మర్నాడు క్లాసులో చదవాల్సింది ముందురోజు సాయంత్రం టీ తాగుతూ నాన్నకి చదువుతున్నాను. నాకు ప్రాక్టీసు, ఆయనకి కాలక్షేపం. నాన్నకి చూపు బాగా తగ్గింది. భూతద్దం పెట్టుకున్నా నాలుగు లైన్లకి నీళ్ళు కారతాయి. చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

"కామా ఉన్నచోట ఆగమ్మా. నీకు ఊపిరందని చోట కాదు."

యాభై దగ్గరపడుతున్నాను, ఇంకా ఈయన ముందు పాఠం తప్పు చదివినట్టే ఉంటుంది.

ఈ నవల ప్రూఫులు కూడా నాన్నే దిద్ది ఉంటాడు. వేలకి వేలు దిద్దాడు, ఏది గుర్తుంటుంది.

జూలై 19

ఏడో అధ్యాయం అయ్యాక గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పక్క సెక్షన్ టీచరు తలుపు తోసి చూసింది. అంత నిశ్శబ్దంగా ఉంటే ఎవరినైనా కొట్టానేమో అనుకుందట.

జూలై 23

నాన్న పొద్దున్న ఒక బ్రెడ్డు ముక్క, సాయంత్రం సగం. పుండు.

జూలై 26, శుక్రవారం

పప్పులో కాలేశాను. పదమూడు చదివేసి స్టాఫ్ రూములో రేపటిది తిరగేస్తే, పద్నాలుగో అధ్యాయంలో తాత చనిపోతాడు. తొంభై ఏడో పేజీ నుంచి నూట నాలుగు దాకా. తాతకి జ్వరం. పడవలోనే పడుకుంటానంటాడు. మనవరాలు పక్కన కూర్చుంటుంది. తెల్లారేసరికి ఆయన ఉండడు.

ఈ సంగతే మర్చిపోయాను. చిన్నప్పుడు ఈ నవల కనీసం నాలుగుసార్లు చదివి ఉంటాను.

తల్లి పోయిన పిల్లని ముందు కూర్చోబెట్టుకుని ఇది చదవగలనా? రెండేళ్ళకో మూడేళ్ళకో ఒక పిల్ల తలెత్తి వింటుంది, దాని నెత్తిన ఇది పడేస్తానా? వదిలేస్తాను. పదమూడు తర్వాత పదిహేను. తాత పై ఊరి ఆసుపత్రికి వెళ్ళాడు, తెల్లవారుజామునే, మనవరాలు నిద్రలో ఉండగా, అని చెప్తాను. అయిపోయింది. పిసరు కోసం. పిసరు కోసమే.

సాయంత్రం నాన్నకీ అలాగే చదివాను. పదమూడు నిన్ననే అయింది, ఇవాళ నేరుగా "పదిహేను" అన్నాను.

"పద్నాలుగు ఏదమ్మా?"

"పేజీలు లేవు నాన్నా. ప్రెస్ వాళ్ళు ఒక ఫారం మొత్తం, ఎనిమిది పేజీలూ, వదిలేసినట్టున్నారు."

నాన్న లేచి కూర్చున్నాడు. "మా ప్రెస్సులోనా? ఫారం వదిలేసి బైండింగు చెయ్యడమా? నా చేతి మీదుగా వెళ్ళిన పుస్తకంలో?"

చెంప మీద కొట్టినట్టయింది. ఎవరి మీద నెడుతున్నానో చూసుకోలేదు. నాన్న కాసేపు నన్నే చూశాడు. తర్వాత మళ్ళీ దిండుకి చేరబడి, "సరే, పదిహేను కానీ" అన్నాడు.

జూలై 27

ఒక అధ్యాయం వదిలేస్తే సరిపోదు. పదిహేనులో ప్రతి పేజీలోనూ తాత చనిపోయే ఉన్నాడు. 'తాత లేని పడవ' అని ఉన్నచోటల్లా 'తాత ఊళ్ళో లేని పడవ' అని పెన్సిలుతో రాసుకుని చదివాను. అతుకు కనిపించింది. లాయరు వెంటనే లేచాడు.

"ఆసుపత్రి నుంచి తాత ఫోనన్నా చెయ్యడా టీచర్?"

"అప్పట్లో ఫోన్లు లేవు."

"ఉత్తరం?"

"...రాస్తాడు."

"ఎప్పుడు?"

"సోమవారం."

జూలై 29

తాత మొదటి ఉత్తరం. నవల పేజీల మధ్య మడత కాగితం పెట్టుకుని, అచ్చులో ఉన్నట్టే చదివాను. "ఇక్కడ టీలో పంచదార వెయ్యరు. మందు బిళ్ళలు నా బొటనవేలంత ఉన్నాయి. పక్క మంచం ఆయన గురక పెడితే ఫ్యాను తిరగడం ఆగిపోతుంది." క్లాసంతా ఒకటే నవ్వు. పిసరు నవ్వింది. శబ్దం వచ్చేలా.

ఇవన్నీ కిందటి నెల ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాన్న రోజూ అన్న మాటలే. నాకు సొంతంగా ఏం తడుతుంది?

జూలై 31

రెండో ఉత్తరం.

ఆగస్టు 1

మూడో ఉత్తరం. నవల కంటే ఉత్తరాలే బాగున్నాయని లాయరు తీర్పు చెప్పాడు. కథ ముందుకి సాగడం లేదు, ఎవరూ అడగడం లేదు.

ఆగస్టు 2

పెద్ద మేడం వెనక బెంచీలో కూర్చుని ఇరవై నిమిషాలూ విన్నది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. ఎన్నడూ లేంది.

"మా మనవరాలికి కూడా చెప్పాను ఆ తాత ఉత్తరాల గురించి. ఒక్క పుస్తకం సరిపోదండీ. ప్రచురణ వాళ్ళ దగ్గర ఇంకా కాపీలున్నాయట, కనుక్కున్నాను. ముప్పై నాలుగూ తెప్పిస్తున్నా. ఒక్కొక్కళ్ళ చేతిలో ఒకటి."

"అంత ఎందుకండీ" అన్నాను.

"మీరేగా చదవడం అలవాటు కావాలన్నారు?"

కోరుకున్నది కోరుకున్నట్టు జరుగుతుంటే ఆపమని ఎలా అడగను?

ఆగస్టు 5

గురువారం వస్తాయట.

ఆగస్టు 6

తమ్ముడు ఫోను. "నాన్న ఏమైనా అడుగుతున్నాడా?" "లేదు." "హమ్మయ్య. అలాగే నడిపించు అక్కా." నడిపిస్తున్నాను. ఇంటి దగ్గరా, బళ్ళోనూ. ఒక్క పొరపాటు పడితే రెండు చోట్లా అడ్డంగా దొరికిపోతాను.

నాలుగో ఉత్తరం చదివాక పిసరు నా బల్ల దగ్గరికొచ్చింది. "తాత ఎప్పుడొస్తాడు టీచర్?" ఈ ఏడాదిలో నాతో మాట్లాడిన మొదటి మాట. "వచ్చేస్తాడు" అన్నాను.

ఆగస్టు 8, గురువారం

పుస్తకాలొచ్చాయి. బడి వదిలాక స్టాఫ్ రూము తలుపు దగ్గరికేసుకుని ఒక పని చేశాను. పద్నాలుగో అధ్యాయం అంటే నాలుగు కాగితాలు. ఆ నాలుగూ కలిపి స్టేప్లర్‌తో మూడేసి పిన్నులు కొట్టాను. ముప్పై నాలుగు పుస్తకాలు, నూట రెండు పిన్నులు. అరచెయ్యి బొబ్బెక్కింది. అయ్యాక గుర్తొచ్చింది, పదిహేను మొదటి పేజీలోనే తాత చనిపోయిన సంగతి ఉంది. దానికీ, ఆ తర్వాత ఉన్న అన్నిటికీ పిన్నులు కొట్టాలంటే నవలలో అట్ట మిగులుతుంది.

పదమూడు దాకా మాత్రమే ఇంట్లో చదవమంటాను. టీచరు చెప్తే వింటారు.

ఆగస్టు 9

ఇచ్చాను. "పిన్నులు కొట్టినవి అచ్చుతప్పు పేజీలు, తియ్యకండి. పదమూడు దాటి వెళ్ళకండి" అన్నాను. ముప్పై నాలుగు మందీ ఒక్క గొంతుతో "అలాగే టీచర్" అన్నారు. ఇంత మంచి పిల్లలు నాకెప్పుడూ దొరకలేదు.

ఆగస్టు 12, సోమవారం

ముప్పై నాలుగులో ముప్పై ఒక్క పుస్తకాలకి పిన్నులు లేవు. మిగతా ముగ్గురూ పక్కవాళ్ళ పుస్తకంలో చదివారు.

నాకు కోపం రావాలి. కానీ అటెండెన్సు తీసుకుంటూ నేను ఆలోచించింది వేరు. పాఠంలో ఐదు లైన్లు చదవమంటే తలనొప్పి అనేవాళ్ళు, ఎవరూ పక్కన లేకుండా ఎనిమిది పేజీలు చదివేశారు. కొందరు చివరిదాకా. ఇరవై రెండేళ్ళలో నా చేత కానిది ఒక స్టేప్లర్ చేసిపెట్టింది.

లాయరు లేచాడు. గొంతులో వాదన లేదు, అందుకే ఇంకా భయమేసింది.

"టీచర్, ఆ పేజీల్లో అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు. రెండుసార్లు వెతికాను."

"అవును. లేదు."

"ఉత్తరాలు ఏ పేజీలో ఉన్నాయి?"

"ఏ పేజీలోనూ లేవు. నేను రాశాను."

"అబద్ధమా?"

"అబద్ధమే."

వెనక ఎవరో "ఛ" అన్నారు. అనిపించుకున్నాను. మీరు బాధపడతారని అలా చేశానని చెప్పాను. ఆ రోజు నవల తెరవలేదు. సాయంత్రం బడి గంట కొట్టగానే అందరూ లేచి వెళ్ళిపోయారు. పిసరు వెళ్ళలేదు. పుస్తకం నూటో పేజీ దగ్గర తెరిచి నా ముందు పెట్టింది. పిన్ను పీకినప్పుడు గీసుకుందేమో, వేలికి ప్లాస్టర్ ఉంది.

"ఇక్కడ ఆ పిల్ల తాత పక్కనే కూర్చుంది టీచర్. చెయ్యి పట్టుకుంది. తాత ఏదో చెప్తే వింది కూడా. మీరు చదివినప్పుడు నిద్రపోయింది."

"అవునమ్మా."

"ఎందుకు నిద్రపుచ్చారు?"

నేను ఆ పేజీకి పడ్డ పిన్ను చిల్లుల్ని వేలితో తడిమాను.

"నన్ను కూడా పిన్ని వాళ్ళింటికి పంపించారు. అమ్మ ఊరెళ్ళింది, నువ్వు ఆడుకో అన్నారు. నేను ఆడుకున్నాను టీచర్."

అంతే చెప్పి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. సిగ్గేసింది. ఈ పిల్లని అడ్డం పెట్టుకుని నన్ను నేను కాపాడుకున్నాను. పిసరు కోసం కాదు. నాకు ఆ ఎనిమిది పేజీలు బయటికి చదివే ధైర్యం లేదు, అదీ అసలు సంగతి.

అదే రోజు, సాయంత్రం

టీ కలిపి నాన్న పక్కన కూర్చున్నాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను, తెరవలేదు.

"నాన్నా, ప్రెస్ వాళ్ళు ఫారం వదిలెయ్యలేదు. పద్నాలుగు ఉంది."

"తెలుసు. మూడు ప్రూఫులు చూశాను దానికి. ఆ అధ్యాయం కంపోజు చేసినవాడు ఏడుస్తూ అక్షరాలు తారుమారు చేశాడు. దిద్దలేక చచ్చాను."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగాగా. నువ్వు ప్రెస్సు మీదకి తోశావు."

"నాన్నా, అది పుండు కాదు."

"అదీ తెలుసు."

డాక్టరిచ్చిన రిపోర్టు ఇంటికొచ్చిన మొదటి రోజే, నేను బడికి వెళ్ళాక, బీరువాలోంచి తీసి భూతద్దం పెట్టుకుని చదివాడట. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిందట. నా పేరు మీద వచ్చిన కాగితం నేను చదవకపోతే ఎలాగమ్మా, అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"మీరిద్దరూ అంత కష్టపడి దాస్తున్నారు. దొరికిపోయారర్రా అని చెప్పడానికి మొహమాటమేసింది."

నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత, "ఒక్కటి మాత్రం కాగితంలో లేదు. ఎన్నాళ్ళన్నాడు?" అన్నాడు.

"నాలుగు నెలలు. మహా అయితే ఐదు. జూన్‌లో చెప్పాడు."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు, నాన్నకి ఏదైనా రెండుసార్లు చూడందే తోచదు. "ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే తెలుసుకుని కూర్చున్నానమ్మా. మీతో అనడానికి లేదాయె. చాలా విసుగ్గా ఉండేది" అన్నాడు.

విసుగ్గా అన్నాడు. భయంగా అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాదు. నాకు వినిపించింది మాత్రం అదే. నెలన్నర పాటు నాన్న ఈ గదిలో ఒక్కడే ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు, పక్క గదిలో నేను లెసన్ ప్లాను రాసుకుంటూ ఉన్నాను.

"ఇక పద్నాలుగు కానీ" అన్నాడు. మొత్తం చదివాను. రెండుచోట్ల ఆగాను, ఆ రెండుచోట్లా కామాలు లేవు. ఆయన దిద్దలేదు.

ఆగస్టు 13

తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. "నామీద కోపంగా ఉన్నాడా అక్కా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. లేదన్నాను. శనివారం వస్తానన్నాడు.

ఆగస్టు 14

క్లాసుకి వెళ్ళి, ఇకనుంచి ఉన్నది ఉన్నట్టే చదువుతానని చెప్పాను. మీరంతా చదివేశారు కాబట్టి కొత్త నవల మొదలుపెడదామా అని అడిగాను. పిసరు లేచి నిలబడింది. ఈసారి నోరు విప్పింది.

"ఇదే మళ్ళీ చదవండి టీచర్. పద్నాలుగు నుంచి. ఏమీ వదలకుండా."

చదివాను. ముప్పై నాలుగు మందీ అక్షరాల మీద వేలు పెట్టుకుని నా వెంటే వచ్చారు. నన్ను చూసి కాదు, నా మీద నిఘా పెట్టి. పెట్టనీ, ఆ హక్కు వాళ్ళకుంది. నూటో పేజీ దగ్గర ఆగిపోయాను. లాయరు కాస్త ఆగి, నేను ఆపిన చోటు నుంచి తనే చదవడం మొదలుపెట్టాడు. పేజీ చివరిదాకా చదివి, "ఇక మీరు" అన్నాడు.

ఆగస్టు 17

తమ్ముడొచ్చాడు. నాన్నా వాడూ మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు. నేను గదిలోకి వెళ్ళలేదు. నవ్వులు కూడా వినిపించాయి.

ఆగస్టు 20

పిన్నుల సంగతి పెద్ద మేడం చెవిన పడింది. అయిదో తరగతికి కూడా నవల పీరియడ్ పెట్టింది. "ఈసారి ఏ పేజీలకి పిన్నులు కొట్టాలో ముందే చెప్పండి, పిల్లలు బాగా చదువుతున్నారు" అంది. ఆవిడకి హాస్యం వచ్చని ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

ఆగస్టు 22

క్లాసులో నవల పూర్తయింది, ఇంట్లోనూ పూర్తయింది. నాన్న చెయ్యి అట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు. బాగా తగ్గిపోయాడు. కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"ఇంకోటి తీసుకురా. కాస్త సన్నటిది చూడు. మధ్యలో ఆపితే నాకు పడదు."

ఆగస్టు 23

భోజనాల గంటలో బడి లైబ్రరీకి వెళ్ళాను. చెయ్యి దానంతటదే లావుపాటి వాటి మీదకి పోయింది. నాలుగు వందల పేజీల నవల ఒకటి బయటికి తీశాను కూడా. ఇది అయ్యేదాకా ఉంటాడు, అని ఎవరితోనో బేరమాడుతున్నట్టు. తర్వాత దాన్ని మళ్ళీ అరలో పెట్టేసి, సన్నటిది ఒకటి తీసుకున్నాను. ఎనభై ఆరు పేజీలు. అక్కడే నిలబడి ఏడ్చాను.

పక్క అర దగ్గర పిసరు ఉంది. ఈ మధ్య రోజూ ఉంటోంది.

"ఎవరికి టీచర్ అది?"

"మా నాన్నకి."

"అంత చిన్నదెందుకు? ఆయనకి చదవడం సరిగ్గా రాదా?"

"బాగా వచ్చు."

"మరి?"

"ఆయన ఇంక ఎక్కువ రోజులు ఉండరమ్మా. పుస్తకం పూర్తవ్వాలి కదా."

పిసరు నన్ను ఓదార్చలేదు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని తెరిచి, లోపల పేజీలు చూసి, పెదవి విరిచింది.

"ఇందులో అక్షరాలు ఇంతింత ఉన్నాయి టీచర్. చిన్న అక్షరాలది తీసుకోండి. సన్నగానే ఉంటుంది, కథ ఎక్కువ పడుతుంది."

ఇద్దరం కింద కూర్చుని వెతికాం. అట్టడుగు అరలో అలాంటిది ఒకటి దొరికింది. సాయంత్రం మొదలుపెట్టాం.